నిండు గొట్టం తొణకదు

మన ఇళ్ళల్లో ఆడవాళ్ళ ఫిర్యాదులన్నిటికీ కలిపి ఒకే ఒక మాత్ర ఉంది. దాని పేరు "అలవాటైపోతుందిలే!" మేడమీది వాళ్ళు అర్ధరాత్రి కుర్చీలు ఈడుస్తున్నారంటే అదే మాత్ర. వంటింటి కిటికీలోంచి డ్రైనేజీ వాసన కొడుతోందంటే అదే మాత్ర. ఇప్పుడు హాల్లోకి నాలుగడుగుల చేపల తొట్టి ఒకటి వచ్చి కూర్చుని, రాత్రింబవళ్ళు గుడగుడ, బుడబుడ, సుర్రు సుర్రుమంటూంటే, దానికీ అదే మాత్ర! ఆ మాత్ర మింగే ముందు ఒక్క ప్రశ్న అడగమని నా మనవి. అలవాటు చేసుకోవాల్సింది మనమా, సరి చేసుకోవాల్సింది గొట్టమా?

ఒకప్పుడు చేపల తొట్టి అంటే గుండ్రటి గాజుపాత్ర, అందులో రెండు ఎర్ర చేపలు. పాపం అవి నోరెత్తేవి కావు, పాత్రా నోరెత్తేది కాదు. ఇప్పటి పెద్ద తొట్ల వైభవం వేరు. తొట్టి కింద బీరువా, బీరువాలో ఇంకో తొట్టి. పైతొట్టిలో ఒక మూల చిన్న అర కడతారు. నీళ్ళు ఆ అర అంచు దాటి లోపలికి పడి, అక్కణ్ణించి గొట్టంగుండా కింది తొట్టికి దిగుతాయి. కింద స్పాంజీల్లో, రాళ్ళల్లో వడపోత జరిగాక పంపు వాటిని మళ్ళీ పైకి తోస్తుంది. మూల అరని ఓవర్‌ఫ్లో బాక్సు అనీ, కింది తొట్టిని సంప్ అనీ అంటారు. ఏర్పాటు నిక్షేపంలా ఉంది. నీళ్ళమీద తెట్టు కట్టదు, హీటరూ గీటరూ అన్నీ బీరువాలో దాగిపోతాయి, తొట్టి చూడముచ్చటగా ఉంటుంది. నాకు ఆ ఏర్పాటు మీద ఏ కోపమూ లేదు. కోపమల్లా దాన్ని ముప్పాతిక వంతు బిగించి, డబ్బు లెక్కపెట్టుకుని, మిగిలిన పాతిక వంతూ ఇంట్లోవాళ్ళ చెవులమీద వదిలేసి వెళ్ళిపోయేవాళ్ళ మీద. వాళ్ళని గుమ్మందాకా సాగనంపి వచ్చి "అబ్బ, ఎంత బావుందో!" అంటూ సోఫాలో కూలబడే శ్రీవార్ల మీద.

సాయంత్రం ఇంటికొచ్చి పావుగంట చూసే మనిషికి ఆ చప్పుడు సెలయేరే కావచ్చు. పగలల్లా అదే హాల్లో పప్పులేరుకునే ఇల్లాలికి, దివాను మీద పడుకుని తెల్లవారుజాము దాకా కునుకు పట్టని అత్తగారికి, తలుపు మూసుకుని పరీక్షలకి చదువుకునే అమ్మాయికి అది సెలయేరు కాదు. "ఏమండీ, ఆ చప్పుడు..." అని మొదలుపెట్టగానే వచ్చే జవాబు కూడా మనకి కంఠతా వచ్చు. "నీకు చెవులు మరీ సున్నితం. నరాల బలహీనతేమో, టానిక్కు తాగు."

ఇక్కడే నా అభ్యంతరం. ఈ సున్నితమైన చెవులే గదా ఇంటిల్లిపాదికీ అన్నం పెడుతున్నది! పోపులో ఆవాలు చిటపటలాడటం ఆగిన క్షణాన్ని పక్కగదిలోంచి కనిపెట్టేది ఈ చెవే. కుక్కరు కూత ఆలస్యమైతే వాషరు పోయిందని చెప్పేది ఈ చెవే. పాలు పొంగబోయే ముందు గిన్నెలోంచి వచ్చే ఆ చిన్న మార్పుని, అన్నం అడుగంటబోయే ముందు వచ్చే చిటచిటని పట్టేది ఈ చెవే. అప్పుడెవరూ నరాల బలహీనత అనరు. నేర్పరితనం అంటారు. అదే చెవి హాల్లోకి వచ్చి "గొట్టంలో ఏదో తేడా ఉంది" అంటే మాత్రం టానిక్కు! ఇదెక్కడి న్యాయం?

పైగా ఆ చెవి చెప్పింది అక్షరాలా నిజం. గుడగుడమనే గొట్టంలో తేడా ఉన్న మాట వాస్తవం. అదేమిటో తెలుసుకోడానికి ఇంజనీరింగు చదవనక్కర్లేదు, వంటింట్లోకి వెళ్తే చాలు. నీళ్ళ సీసాని తలకిందులుగా పట్టుకోండి. గ్లగ్ గ్లగ్ గ్లగ్! ఎందుకూ? ఒకే మూతిలోంచి నీళ్ళు బయటికి రావాలి, గాలి లోపలికి పోవాలి. ఇరుకు సందులో ఎదురుపడ్డ రెండు బళ్ళలా ఒకదాన్నొకటి తోసుకుంటాయి. ఆ తోపులాటే చప్పుడు. మరి నూనె డబ్బాకి మనం ఏం చేస్తాం? ఒక మూల చిల్లు పొడిచి ఊరుకోం, ఎదుటి మూల ఇంకో చిల్లు పొడుస్తాం. గాలి ఆ దారిన వస్తుంది, నూనె ఈ దారిన సన్నగా, నోరెత్తకుండా జారుతుంది. చేపల తొట్టి గొట్టంలో జరిగే గొడవంతా ఇదే. నీళ్ళతోపాటు గాలి కూడా గొట్టంలోకి దూరుతోంది, దానికి వేరే దారి లేదు.

ఇంకో పద్ధతి కూడా మనకి తెలుసు. డ్రమ్ములోంచి కిరసనాయిలు రబ్బరు గొట్టంతో తీసిన రోజులు చాలామందికి గుర్తుండే ఉంటాయి. గొట్టం పూర్తిగా నిండి ఉన్నంతసేపూ కిరసనాయిలు చప్పుడే లేకుండా దిగేది. గొట్టంలోకి గాలి జొరబడ్డ క్షణాన బుడబుడలు మొదలు. నిండు కుండ తొణకదని పెద్దలు ఊరికే అన్నారా! నిండు గొట్టం కూడా తొణకదు. సగం నీళ్ళు, సగం గాలితో దిగే గొట్టమే ఎగిరెగిరి పడుతుంది, ఏమీ లేని విస్తరిలాగ.

ఈ రెండు సూత్రాలతోనే తొట్టిని నోరు మూయించే పద్ధతులన్నీ పుట్టాయి. మొదటిది నూనె డబ్బా పద్ధతి. అరలో నిలబెట్టిన గొట్టం నెత్తిన ఒక టీ ముక్క బిగిస్తారు, దాని పక్కకి కిందికి వంగిన ఎల్బో తగిలించి మూతి నీళ్ళలో మునిగేలా చేస్తారు, పైన మూత పెట్టి ఆ మూతకి చిన్న రంధ్రం పొడుస్తారు. దీన్ని డర్సో గొట్టం అంటారు. నీళ్ళు అడుగునించి వస్తాయి కాబట్టి సుడి తిరిగి గాలిని లాక్కుపోవు. కావలసిన గాలి పై రంధ్రంలోంచి వస్తుంది. కీలకమంతా ఆ రంధ్రంలోనే ఉంది. మరీ చిన్నదైతే గొట్టం ఒక్కసారిగా నీళ్ళన్నీ పీల్చేసి, అర ఖాళీ అయ్యాక గర్రుమని గాలి మింగి, మళ్ళీ నింపుకుని, మళ్ళీ పీలుస్తుంది. పాయిఖానా ఫ్లష్షులాగ ఇదే తంతు రెండేసి నిమిషాలకోసారి. రంధ్రం మరీ పెద్దదైతే ఈలలు, బుసలు. కాస్త ఓపికగా సరిచూసుకుంటే సరిపోతుంది.

రెండోది కిరసనాయిలు పద్ధతి, అసలైన నిశ్శబ్దం దీనిలోనే ఉంది. దిగే గొట్టానికి ఒక గేటు వాల్వు పెట్టి, గొట్టం పూర్తిగా నిండి ఉండేటట్టు వాల్వుని కొద్దికొద్దిగా మూస్తూ వస్తారు. గాలి బొత్తిగా లేకుండా నీళ్ళు మాత్రమే దిగుతాయి. చెవి ఆనించినా చప్పుడుండదు. దీనికి గేటు వాల్వే మేలు. దాన్ని చాలా చుట్లు తిప్పాలి కాబట్టి వెంట్రుకవాసి సర్దుబాటు కుదురుతుంది. పావుచుట్టుకే తెరుచుకునే బాల్ వాల్వుతో అంత సన్నపు పని కుదరదు.

అయితే ఇక్కడ ఒక హెచ్చరిక, దీన్ని ఎరుపు సిరాతో రాసుకోండి. ఒంటి గొట్టానికి వాల్వు బిగించి మూయడం మహా ప్రమాదం. ఒక ఆకో, ఒక నత్తో అందులో అడ్డం పడితే పైతొట్టి పొర్లి, పక్కనే ఉన్న ప్లగ్గుల మీదుగా హాలంతా చెరువవుతుంది. అందుకని అరలో రెండో గొట్టం తప్పకుండా ఉండాలి, దాని మూతి కొంచెం ఎత్తులో. మొదటిది అడ్డుపడితే రెండోది మొత్తం నీళ్ళని మోసుకుపోవాలి. ఈ రెండు గొట్టాల ఏర్పాటుని హెర్బీ పద్ధతి అంటారు. ఇంకా జాగ్రత్తపరులు మూడు గొట్టాలు పెడతారు. ఒకటి నిండుగా దిగేది, ఒకటి సన్నధారగా హెచ్చుతగ్గుల్ని సర్దేది, ఒకటి ఆపద్ధర్మానికి పొడిగా ఉండేది. దానికి బీన్‌ ఆనిమల్ పద్ధతి అని పేరు. పేర్లు విని భయపడకండి. ఇంటికి పెరటి గుమ్మం ఉండాలన్నంత మామూలు సంగతి ఇది.

మిగతా చప్పుళ్ళు ఇంకా తేలిక. అరలోకి నీళ్ళు జలపాతంలా పడుతున్నాయంటే గొట్టం మరీ పొట్టిగా ఉన్నట్టు. గొట్టం ఎత్తు పెంచితే అరలో నీటిమట్టం లేచి, అడుగు లోతుకి దూకే నీళ్ళు అంగుళం, రెండంగుళాలు మాత్రమే జారతాయి. సంప్‌లో దబదబ చప్పుడైతే గొట్టం కొస నీళ్ళకి పైన వేలాడుతున్నట్టు. ఒక్క అంగుళం నీళ్ళలో ముంచితే చాలు. మరీ లోతుగా ముంచితే లోపల చిక్కిన గాలి త్రేన్పుల్లా బయటికొస్తుంది. పంపు గుర్రుమంటోందంటే దానికింద మెత్తటి రబ్బరు ముక్క పెట్టండి, గొట్టం బీరువా చెక్కకి ఆనకుండా చూడండి. అన్నిటికీ ముందు, అసలు అంత పంపు ఎందుకని అడగండి. నాలుగడుగుల పొడుగు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర లోతు తొట్టి నిండా పోస్తే 250 లీటర్ల చిల్లర పడుతుంది. గంటకి 1000 లీటర్లు తిరిగితే ఆ నీళ్ళు నాలుగుసార్లు వడకట్టినట్టు, మామూలు చేపలకి అది చాలు. "పెద్దది తీసుకోండి సార్, ఫోర్సు బావుంటుంది" అని మూడింతల పంపు అంటగట్టిన దుకాణదారు, ఆ ఫోర్సు మీ అత్తగారి నిద్రమీద పనిచేస్తుందని మాత్రం చెప్పడు.

కరెంటు సంగతి కూడా చూసుకోవాలి. పంపు ఆగితే అర అంచుదాకా ఉన్న నీళ్ళన్నీ కిందికి దిగుతాయి. వాటికి సంప్‌లో చోటుండాలి. పైకి పోయే గొట్టం కూడా వెనక్కి నీళ్ళు పీలుస్తుంది. దానికి నీటిమట్టానికి కాస్త కింద చిన్న రంధ్రం ఉంటే గాలి జొరబడి ఆ పీల్చుడు తెగిపోతుంది. బిగించినవాడు ఇంట్లో ఉండగానే ఒకసారి స్విచ్చి ఆపించి చూడండి. ఒకసారి మొదటి గొట్టం మూయించి రెండోది మోస్తోందో లేదో చూడండి. ఈ రెండు పరీక్షలూ పది నిమిషాల పని. పది నిమిషాల పని చెయ్యకుండా వెళ్ళిపోయేవాణ్ణి మనం పనిమంతుడంటున్నాం!

"ఇంత హంగామా దేనికి, రాత్రిపూట స్విచ్చి ఆపేస్తే పోలా?" అంటారు కొందరు. ఇదే అన్నిటికన్నా క్రూరమైన సలహా. నీళ్ళని శుభ్రం చేసేది స్పాంజి ఒక్కటే కాదు, స్పాంజిలోనూ రాళ్ళలోనూ కాపరం చేసే కోటానుకోట్ల సూక్ష్మజీవులు. చేపల విసర్జనలో ఉండే అమోనియా విషాన్ని అవే విరిచేస్తాయి. గంటల తరబడి నీళ్ళు కదలకపోతే వాటికి ప్రాణవాయువు సరిగా అందదు. చీకట్లో నీటిమొక్కలు కూడా ప్రాణవాయువు ఇవ్వకపోగా తామే వాడుకుంటాయి. తెల్లారేసరికి చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుచుకుని ఎగపోస్తూ కనపడటం అందుకే. నాలుగు రోజులు అలా గడిచి ఒక చేప తేలిందనుకోండి, నేరం ఎవరిమీద పడుతుందో వేరే చెప్పాలా? "రాత్రి స్విచ్చి ఆపింది నువ్వే కదూ!" చప్పుడు భరిస్తే నిద్ర పోయె, ఆపితే చేప పోయె, పోయిన చేప పాపం ఇల్లాలి నెత్తికి చుట్టుకునె. గొట్టం మాత్రం నిర్దోషి!

"నీళ్ళ చప్పుడు మనసుకి హాయి" అనే కవిహృదయులు ఇంకొందరు. ఒప్పుకుంటాను. ఒకే తీరుగా సాగే గలగల కొందరికి జోల పాటే. కాని గుడగుడ ఒకే తీరుగా సాగదు. ఆగుతుంది, ఇప్పుడొస్తుందేమోనని చెవి కాచుకుని కూర్చుంటుంది, ఆగి ఆగి మళ్ళీ వస్తుంది. ఆ కాచుకోవడమే మనిషిని తినేస్తుంది. కుళాయి ఒక్కొక్క చుక్కే కారుతుంటే పట్టని నిద్ర, బయట జోరున వాన కురుస్తుంటే ఎందుకు పడుతుందో ఆలోచించండి. "వాస్తుకి మంచిదన్నారు" అనేవాళ్ళకి నేను చెప్పేది చిన్నదే. ఏ వాస్తు పండితుడూ గొట్టం గుడగుడలాడాలని చెప్పినట్టు నేను వినలేదు. నిశ్శబ్దంగా తిరిగే నీళ్ళు కూడా తిరిగే నీళ్ళే.

ఇది మన ఆడవాళ్ళ చాదస్తం అనుకునేవాళ్ళ కోసం రెండు అంకెలు. మన దేశంలో 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో రాత్రి పదినుంచి పొద్దున ఆరుదాకా బయటి చప్పుడే 45 డెసిబెల్స్ దాటకూడదు. 1999లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన సూచనల్లో పడకగది లోపల ఎడతెగని చప్పుడుకి 30 డెసిబెల్స్ గీత గీశారు. వీధి చప్పుడు గురించి ప్రభుత్వం ఆలోచించింది, పడకగది గురించి ప్రపంచ సంస్థ ఆలోచించింది. మన హాల్లో చప్పుడు గురించి మన ఇంటాయన ఆలోచించకూడదా?

మరో విచిత్రం చెప్పనా? ఈ గాజుతొట్టి సరదాకి పునాది వేసినవాళ్ళలో ముందు వరసలో ఉన్నది ఒక కుట్టుపని మనిషి. జాన్ విల్‌ప్రూ పవర్ అనే ఫ్రెంచి వనిత పారిస్‌లో గౌన్లు కుట్టి, రాజకుమారి పెళ్ళిగౌను కూడా కుట్టి పేరు తెచ్చుకుని, పెళ్ళయ్యాక సిసిలీలో కాపురముంది. అక్కడ సముద్రజీవుల్ని బతికుండగానే పరిశీలించాలని 1832లో గాజుతొట్లు తయారుచేయించుకుంది. ఆర్గొనాట్ అనే జీవి తన గుల్లని తానే కట్టుకుంటుందని ఆ తొట్లవల్లే తేల్చి చెప్పింది. ఆ తర్వాత 1846లో లండన్‌లో ఆనా థిన్ అనే దొరసాని సముద్రపు పగడపు జీవుల్ని ఇంట్లో పెంచింది. పంపులు లేని ఆ రోజుల్లో నీళ్ళకి గాలి తగిలించడమెలా? ఇంటి పనిమనిషి కిటికీ దగ్గర నిలబడి ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి నీళ్ళు వంచుతూ ఉండేది. ఆ పనిమనిషి పేరు చరిత్రకెక్కలేదు. దొరసాని పేరైతే ఎక్కింది. ఇప్పుడు ఆ వంచే పని పంపు చేస్తోంది, సంతోషమే. ఆ పంపు మోత భరించే పని మాత్రం ఇంకా పేరు లేని మనుషులదే.

చేపలు కూడా ఆ పేరు లేనివాళ్ళలో చేరాయని మరిచిపోకండి. చేపకి చెవులెక్కడివీ అని నవ్వకండి. బయటికి కనపడవుగాని లోపల ఉన్నాయి. మన గోల్డుఫిష్ కులం చేపలకైతే లోపలి గాలితిత్తినుంచి చెవిదాకా చిన్న ఎముకల వరస ఒకటి ఉంటుంది. వేబర్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు 1820లోనే దాన్ని వర్ణించాడు. అందువల్ల అవి ఇతర చేపలకన్నా బాగా వింటాయి. తొట్టి గోడకి ఆనిన పంపు అదురు వాటికి ఎలా ఉంటుందో మనం ఊహించవచ్చు. మనం కనీసం "ఏమండీ" అనగలం. అవి అదీ అనలేవు.

చివరికి నే చెప్పొచ్చేది ఏమిటంటే, తొట్టి కొనవద్దని కాదు. కొనేటప్పుడు కళ్ళతో సరిపెట్టకండి. "బాబూ, నీళ్ళు పోసి నడిపించి చూపించు, టీవీ ఆపు, ఫ్యానాపు, ఇప్పుడు వింటాను" అనండి. రెండో గొట్టం ఏదీ అనండి. వాల్వు ఏదీ అనండి. చప్పుడు పోయాకే ఆఖరి వాయిదా చేతిలో పెట్టండి. ఇంట్లో ఉన్న తొట్టయితే, గుడగుడ ఎక్కడినించి వస్తోందో ఒక్క పావుగంట నిలబడి కనిపెట్టండి. అరలోనా, గొట్టంలోనా, సంప్‌లోనా, పంపులోనా? కనిపెట్టగలిగింది మీరొక్కరే. పోపు వాసన రాకముందే పోపు చప్పుడు పట్టే చెవి మీది.

ఆ చెవిని హాలుకే కట్టెయ్యకండి. వంటింటి సింకు నీళ్ళు పోతూ గుడగుడమంటోందా? స్నానాలగది నహానీ ట్రాపు, పైవాళ్ళు బకెట్టు వంచినప్పుడల్లా గుళుక్కుమంటోందా? అక్కడా ఇదే గాలి, ఇదే నీళ్ళు, ఇదే తోపులాట. గాలి గొట్టం లేకనో, మూసుకుపోయో, ట్రాపులో నిలవుండాల్సిన నీళ్ళని పైపు పీల్చేస్తోందన్నమాట. ఆ నీళ్ళు పోతే మురుగు వాసన తిన్నగా ఇంట్లోకే. మేస్త్రీ వచ్చి "అన్ని ఇళ్ళల్లోనూ ఇంతేనమ్మా, అలవాటైపోతుంది" అంటాడు. మీరు మాత్రం కుర్చీ వేసి కూర్చోబెట్టి అడగండి: "నాయనా, నూనె డబ్బాకి రెండో చిల్లు ఎందుకు పొడుస్తారో నీకు తెలుసా?"